నడిమి జత - సభికుని పాలు

జూదము కూడదని చెప్పిన వాక్యములకు మన వాఙ్మయమున కొదువ లేదు. ఋగ్వేదము పదియవ మండలమందలి అక్షసూక్తము మొదలుకొని నేటి పత్రికల సంపాదకీయముల వరకును ఆ హితవు ఎడతెగక వచ్చుచునే యున్నది. అయినను జూదరి దానిని వినడు. వినకుండుటకు కారణము అతని మూర్ఖతయే యని మనము తలచుచుందుము. నా యనుభవము వేఱు. నేటి జూదరి చదువుకొన్నవాడు. నీతివాక్యమునకు బదులు అతడు లెక్కను అడుగుచున్నాడు. ఆ లెక్క వేసి చూపక మందలించుట ఉపాధ్యాయునకు తగిన పని కాదు.

2024 వేసవి సెలవులలో, నాయొద్ద పదవ తరగతి చదివిన శిష్యుడొకడు మా యింటికి వచ్చెను. బెంగుళూరులో ఉద్యోగము; వయస్సు ఇరువదియారు. కుశలప్రశ్నలైన పిమ్మట సంచిలోనుండి ఒక నోటుపుస్తకము తీసి నా ముందుంచి, "మాస్టారూ, సంభావ్యత పాఠములో మీరు పేకముక్కల లెక్కలు చెప్పినారు గదా. నా లెక్క ఎక్కడ తప్పినదో కాస్త చూడండి" అనెను. చూచితిని. అతడు రెండేండ్లుగా రాత్రివేళల చేతిఫోనులో పోకరు ఆడుచుండెను. ఒక రూపాయి, రెండు రూపాయల పందెముతో మొదలగు చిన్న బల్లలే. పోయినది 68,000 రూపాయలు. అందు కొంత తండ్రికి పంపవలసిన సొమ్ము. అయినను అతని ప్రశ్న సొమ్మును గూర్చినది కాదు. "ఎనిమిదుల జత చేతికి వచ్చినపుడు నూటికి 69 పాళ్లు గెలుపు అని అన్ని పట్టికలలోను ఉన్నది. నాకు మాత్రము ఆ జతయే ఎక్కువ నష్టము తెచ్చినది. ఎందువలన?" అని అడిగెను.

నేను ఆ రోజు సమాధానము చెప్పలేకపోతిని. రెండు వారములు గ్రంథములు తిరుగవేసి, కాగితముపై లెక్కలు వేసి, తెలిసికొన్న దానిని ఇచట విన్నవించుచున్నాను. ప్రశ్న చిన్నదే యైనను దాని వెనుక నున్న చరిత్రము పెద్దది.

పోకరు అమెరికా దేశమున పుట్టిన ఆట. ఫ్రెంచివారి పోక్, జర్మనుల పోఖెన్, ఆంగ్లేయుల బ్రాగ్ అను ఆటలు దాని పూర్వులని చరిత్రకారులు చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో న్యూ ఆర్లియన్సు నగరమునందును, మిసిసిపీ నదిపై తిరుగు ఆవిరిపడవలయందును అది వ్యాపించెను. జోసెఫ్ కోవెల్ అను ఆంగ్ల నటుడు 1829లో పడవప్రయాణమున తాను చూచిన ఆటను 1844లో వెలువడిన తన జ్ఞాపకములలో వర్ణించినాడు. ఆనాటి ఆటకు 20 ముక్కలే: ఆసు, రాజు, రాణి, జాకీ, పది. నలుగురు కూర్చుండి తలకు అయిదు ముక్కలు పంచుకొనగా కట్ట సరిపోయెడిది. పాఠకులొక్క సంగతి గమనింపవలెను. ఆ కట్టలో ఎనిమిది లేదు, ఏడు లేదు, తొమ్మిది లేదు. పిమ్మటి దశాబ్దములలో 52 ముక్కల నిండు కట్ట వాడుకలోనికి వచ్చిన తరువాతనే ఎక్కువయు కాక తక్కువయు కాని నడిమి జత యనునది ఆటలో ప్రవేశించినది.

ఇప్పుడు లోకమంతట ఆడబడు హోల్డెం అను రీతి ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున టెక్సాసు రాష్ట్రమున పుట్టినది. రాబ్స్‌టౌన్ అను ఊరు దాని జన్మస్థానమని ఆ రాష్ట్ర శాసనసభ 2007లో తీర్మానించినది. ఈ రీతిలో ప్రతి ఆటగానికి రెండే ముక్కలు రహస్యముగా చేతికి వచ్చును. పిమ్మట అందఱకును ఉమ్మడిగా మూడు ముక్కలు ఒక్కసారి బల్లపై తెఱవబడును. దీనిని ఫ్లాప్ అందురు. తరువాత ఒకటి, ఆ తరువాత మఱియొకటి. ముక్కలు తెఱచినప్పుడెల్ల పందెము పెంచవచ్చును, లేదా చేయి వదలుకొనవచ్చును. చేతిలోని రెండును ఒకే అంకెవైనచో అది చేతిజత. 17 ఆటలకొక్కసారి చేతిజత వచ్చును. ఎనిమిదుల జతయే రావలెనన్న 221 ఆటలకొక్కసారి. ఈ రీతి 1967లో లాస్ వేగాసు చేరినది. 1970లో అచట ప్రపంచ పోకరు పోటీలు మొదలైనవి. 1988లో డేవిడ్ స్క్లాన్‌స్కీ, మేసన్ మాల్మత్ అను ఇరువురు కలిసి ప్రకటించిన గ్రంథమున తొలిముక్కలను వర్గములుగా విభజించినారు. అందు ఆసుల జత మొదటి వర్గమునను, పదుల జత రెండవదానను, తొమ్మిదులది మూడవదానను, ఎనిమిదులది నాలుగవదానను, ఏడులది అయిదవదానను నిలిచినవి. నడిమి జత యొక్క తారతమ్యము అట్లు శాస్త్రరూపమున స్థిరపడినది.

1998 జనవరి 1వ తేదీన సొమ్ముతో ఆడు మొదటి అంతర్జాలపు పోకరు బల్ల తెఱవబడెను. 2003లో టెనెస్సీ రాష్ట్రమునకు చెందిన క్రిస్ మనీమేకర్ అను గణకుడు, అంతర్జాలమున స్వల్పరుసుముతో ప్రవేశము సంపాదించి, ప్రపంచ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచెను. ఆ యేడు పోటీలో పాల్గొన్నవారు 839 మంది. 2006లో 8,773 మంది. సామాన్యుడు లెక్కతో లక్షాధికారి కాగలడను కథ ఆనాటినుండి ప్రతి దేశమునకు ప్రాకినది. నా శిష్యుడును ఆ కథ విన్నవాడే.

ఇక అతని ప్రశ్నకు వత్తును. నూటికి 69 అను అంకె తప్పు కాదు. కాని అది ఇద్దఱే ఆడునపుడు, ఎదుటివాని ముక్కలు ఏవైనను కావచ్చునని ఎంచి, చివరి ముక్క వఱకు ఎవ్వరును చేయి వదలనిచో కలుగు ఫలము. అతడు ఆడిన బల్లలలో పందెము చిన్నది గనుక చేయి వదలువారు తక్కువ. ప్రతి ఆటలోను నలుగురైదుగురు ఫ్లాప్ చూచుచుందురు. ఇద్దఱి లెక్కను అయిదుగురి నడుమ వాడినాడు. తప్పు అచటనే మొదలైనది.

ఈ తప్పు సామాన్యమైనది కాదు. దీనికి గొప్ప వంశవృక్షమున్నది. నలోపాఖ్యానమున ఋతుపర్ణ మహారాజు తాండ్రచెట్టు కొమ్మను చూచినంతనే దాని ఆకులను పండ్లను లెక్కించి చెప్పెను. బాహుకుడై యున్న నలుడు స్వయముగా లెక్కించి సరియని తెలిసికొని, అశ్వహృదయమునకు బదులుగా అక్షహృదయమును గ్రహించెను. నన్నయ భట్టారకుడు అరణ్యపర్వమున తెలుగు చేసిన ఈ కథ మన పిల్లలకెల్ల తెలిసినదే. కాని నలుడు ఆ విద్యతో గెలిచినది ఒక్క పుష్కరునిపైననే. ఐరోపాలో 1654లో పాస్కల్, ఫెర్మా అను పండితుల లేఖలవలన సంభావ్యతాశాస్త్రమునకు పునాది పడెను. ఆ లేఖలలో ఇద్దఱు ఆటగాండ్రున్నంతవఱకు ఇరువురి విధానములును ఏకీభవించినవి. ఆటగాండ్రు ముగ్గురైనంతనే పాస్కల్ అంతటివాడు తడబడి, ఫెర్మా విధానము చెల్లదనెను. ఫెర్మా దానిని సమర్థించుకొనవలసి వచ్చెను. 1928లో ఫాన్ నాయ్‌మన్ ఒకరి లాభము మఱియొకరి నష్టమైన ఇద్దఱి ఆటకే తన సుప్రసిద్ధ సిద్ధాంతమును నిరూపించినాడు. 2015లో కెనడా దేశపు ఆల్బర్టా విశ్వవిద్యాలయము వారు యంత్రసహాయమున దాదాపు సంపూర్ణముగా పరిష్కరించినదియు పందెపు మొత్తము నియతమైన ఇద్దఱి హోల్డెం మాత్రమే. 2019లో ప్లూరిబస్ అను యంత్రము ఆరుగురి బల్లపై ఆరితేఱినవారిని ఓడించినను, అది గెలుపేగాని పరిష్కారము కాదు. ఇద్దఱి నుండి పలువురికి పోవుట అంకెను పెంచుట కాదు. ఆట స్వభావమే మారుట.

లెక్క వేసి చూతము. చేతిలో ఎనిమిదుల జత ఉన్నది. మిగిలిన 50 ముక్కలలో మూడు ఫ్లాప్‌గా వచ్చు విధములు 19,600. అందు ఎనిమిదిని మించిన ముక్క ఒకటియు లేని విధములు 2,600 మాత్రమే. అనగా నూటికి సుమారు 87 సారులు మన జతకంటె పెద్దముక్క బల్లపై నుండును. తొమ్మిదుల జతకు ఇది 79; పదుల జతకు 69 లేక 70. ఎదుటివానికి జత కాని రెండు ముక్కలున్నచో ఫ్లాప్‌లో వానిలో ఒకటైనను జతపడుట సుమారు మూడింట ఒకసారి. ప్రత్యర్థులు నలుగురైనచో ఒక్కనికిని జతపడకుండుట, స్థూలముగా, 81 సారులలో 16 సారులు, నూటికి ఇరువది. వారి జత మన జతకంటె చిన్నది కావచ్చును, నిజమే. కాని పెద్దముక్కలు చేతనుంచుకొని ఫ్లాప్ చూచువారే ఎక్కువ. మన శిష్యుడు రాజు, తొమ్మిది, నాలుగు తెఱవబడినపుడు కూడ "నాకు జత ఉన్నది" అని పందెము వేయుచు పోయినాడు. అప్పుడు అతనికి పనికివచ్చు ముక్కలు 47లో రెండే. తరువాతి ముక్క ఎనిమిది యగుట నూటికి నాలుగుసారులకు కొంచెము పైన.

ఐనచో పలువురి నడుమ నడిమి జతకు విలువయే లేదా? ఉన్నది, అది జత యగుటవలన కాదు, మూడవ ఎనిమిది ఫ్లాప్‌లో పడు నాశవలన. అట్లు పడు విధములు 19,600లో 2,304. పదిహేడింట రెండు అని గుర్తుంచుకొనవచ్చును. ఎనిమిదేసి రూపాయలు అయిదుగురు వేసిన ఆట యనుకొందము. 17 సారులలో 15 సారులు జత నిష్ఫలము. వెంటనే వదలుకొన్నను 120 రూపాయలు పోవును. రెండుసారులు మూడవ ఎనిమిది పడును. ఆ రెంటిలో ఒక్కొక్క దానివలన 60 రూపాయలు లాభము రావలెను. ఇతరులు నలుగురు ముందే వేసినది 32. మిగిలిన 28 ఆ తరువాత వారినుండి రాబట్టవలెను. పలువురున్నపుడు అది సాధ్యమే. కాని పలువురున్నపుడే మన మూడింటిని మించిన చేయి ఎవనికైన కూడుటయు ఎక్కువ. కావున అనుభవజ్ఞులు చెప్పు నియమమిది: చవుకగా ఫ్లాప్ చూడుము, మూడవది పడనిచో, పందెము వచ్చినంతనే వదలుము, పడినచో వెనుదీయకుము. నా శిష్యుడు ఫ్లాప్‌ను చవుకగనే చూచెను గాని వదలుట నేర్వలేదు.

ఇంతవఱకు వ్రాసి నేను లెక్క ముగిసినదనుకొంటిని. నియమము పాటించినచో అతనికి నష్టము రాదని చెప్పి పంపుదునా యని కూడ తలచితిని. అట్లు చెప్పియుండినచో ఈ వ్యాసము జూదరులకు ఉపకరించు పాఠమయ్యెడిది. నా చేయి పట్టుకొని ఆపినవాడు యాజ్ఞవల్క్యుడు.

మన స్మృతికారులు ద్యూతవిషయమున రెండు త్రోవలు త్రొక్కిరి. మనువు దానిని రాజ్యమునుండి తొలగింపుమని రాజును శాసించెను. కౌటిల్యుడును యాజ్ఞవల్క్యుడును ఒక్కచోట, రాజు కనుసన్నల నడిపింపుమనిరి. అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుడు గెలిచిన సొమ్ములో నూటికి అయిదు పుచ్చుకొనును; పాచికలకు, నీటికి, చోటికి అద్దె వేఱు. యాజ్ఞవల్క్యస్మృతిలో జూదశాల నడుపువాడు సభికుడు. నూఱును మించిన పందెమున అతనికి నూటికి అయిదు. అంతకు తక్కువ పందెమున నూటికి పది. అందుండి రాజునకు ఒప్పుకొన్న భాగమును చెల్లించి, గెలిచినవానికి సొమ్ము ఇప్పించుట అతని విధి. మృచ్ఛకటికమున పది సువర్ణములకై సంవాహకుని వీధులవెంట తఱుముకొనివచ్చు మాథురుడు ఇట్టి సభికుడే. చిన్న పందెగానికి పెద్ద కోత యను నీతి స్మృతులనాటిదే.

నేటి అంతర్జాలపు సభికుడును సాధారణముగా ప్రతి ఆటనుండి నూటికి అయిదు ప్రాంతమున తీసికొనుచుండెను. దానికి గరిష్ఠపరిమితి యున్నను, చిన్న పందెములలో మొత్తము ఆ పరిమితిని చేరుట అరుదు. కావున చిన్నవానికి రాయితీ లేదు. ఒక ఊహాలెక్క వేయుదము. ఆరుగురు తలకు 200 తెచ్చి కూర్చుండిరి. బల్లపై మొత్తము 1,200. గంటకు 70 ఆటలు. ఆటకు సగటున రూపాయిన్నర సభికునికి. గంటకు 105 రూపాయలు. పదునొకండున్నర గంటలలో సభికుడు తీసికొన్నది ఆ ఆరుగురు తెచ్చిన మొత్తమునకు సమానమగును. ఎవడు ఎంత నేర్పరి యైనను, ఆ బల్లపై మిగులునది ఆ కోత పోగా మిగిలినదే.

సెలవులు ముగియకమునుపు నా శిష్యుని మరల పిలిపించి, "నాయనా, నీ పుస్తకములో గెలుపునకొక గడి, ఓటమికొక గడి ఉన్నవి. సభికుని పాలుకు గడి ఏది?" అని అడిగితిని. అతడు ఆ మాట ఎన్నడును తలచియుండలేదు. ప్రతి ఆట వివరమును ఫోనులో భద్రముగా నుండెను. రెండు దినములు కూర్చుండి ఇరువురమును కూడితిమి. అతడు గెలిచిన ఆటలనుండి సభికునికి పోయినది 41,000 రూపాయలు. తోడి ఆటగాండ్రకు ఓడినది 27,000 మాత్రమే. ఎనిమిదుల జతను ఎంత తెలివిగా ఆడినను పెద్ద గడి చెక్కుచెదరదు. ఆ సంఖ్య చూచి అతడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "అయితే నేను గెలువవలెనంటే నాకంటె తెలియనివాడు పక్కన కూర్చుండి నా వంతు కోత కూడ వాడే కట్టవలెను" అనెను. నేను చెప్పదలచినది అతడే చెప్పెను.

నేర్పుగల ఆట యను మాటకు మన న్యాయస్థానములలో దీర్ఘచరిత్ర కలదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యమున 1967లో సుప్రీము కోర్టు రమ్మీ ప్రధానముగా నేర్పుపై ఆధారపడిన ఆట యని తీర్పు చెప్పెను. ఆ తీర్పును ఎల్లరును స్మరింతురు. కాని అందే, క్లబ్బు నడుపువాడు ఆటవలన లాభము గడించుచున్నట్లు సాక్ష్యమున్నచో నేరము నిలువవచ్చునని చెప్పిన వాక్యమును స్మరించువారు తక్కువ. న్యాయమూర్తుల దృష్టి ఆటగాని నేర్పుతోపాటు సభికుని లాభముపైని కూడ నిలిచినది. అంతర్జాలపు పందెములను తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను నిషేధించినవి. కేంద్రప్రభుత్వము 2023 అక్టోబరు 1 నుండి ఆటఖాతాలో వేయు సొమ్ముపై నూటికి 28 పన్ను విధించి, కొన్నాళ్లు యాజ్ఞవల్క్యుని రాజువలె తన భాగము పుచ్చుకొనెను. తుదకు 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన చట్టముతో, నేర్పు అదృష్టము అను భేదము లేకయే, సొమ్ముతో ఆడు అంతర్జాలపు ఆటలన్నియు నిషిద్ధములైనవి. శిక్ష ఆట నడుపువారికి, ప్రకటించువారికిని, ఆడువానికి కాదు. రెండువేల యేండ్ల తరువాత రాజ్యము కౌటిల్యుని త్రోవనుండి మనువు త్రోవకు మరలినది.

చట్టము మంచిదే. కాని తలుపు మూసినంతమాత్రమున లోపలి కోరిక మాయదు. దొంగతలుపులు వెదకువారు వెదకుచునే యుందురు. అక్కడి సభికుడు ఎంత కోయునో చెప్పు పట్టికయు నుండదు. కావున ఉపాధ్యాయుల పని తీఱలేదు. ఇరువదియేండ్లుగా నేను 52 ముక్కల కట్టనుండి ఎఱ్ఱరాజు వచ్చు సంభావ్యత యెంత యని పిల్లలను అడుగుచు వచ్చితిని. ఆ లెక్క చేసిన పిల్లవాడు ఏ బల్లయొద్దకు పోవునో ఎన్నడును ఆలోచింపలేదు. నా శిష్యుని నష్టములో నా పాఠమునకును కొంత పాలున్నది. ఇప్పుడు ఆ లెక్క తరువాత మఱియొకటి కూడ ఇచ్చుచున్నాను: ఆరుగురు ఆడిరి, ప్రతి ఆటలో సభికుడు నూటికి అయిదు తీసికొనెను, నూఱు ఆటల పిమ్మట ఆరుగురి చేతిలోను కలిసి ఎంత మిగులును? మొన్న తరగతిలో ఒక బాలిక లేచి, "మాస్టారూ, గెలిచినది ఎవరో చెప్పలేదేమి?" అని అడిగినది. "చెప్పినాను తల్లీ, లెక్కలోనే ఉన్నాడు, మరల చదువు" అంటిని.

నా శిష్యుడు తండ్రికి బాకీపడిన సొమ్ములో సగము తీర్చినాడు. తక్కినది వచ్చే ఉగాదికి తీర్చెదనని వ్రాసినాడు. ఆ నోటుపుస్తకము నాయొద్దనే ఉన్నది, అతడు వలదన్నాడు.